మచ్చుకి వచ్చిన పన్నెండో బొమ్మ

పోయిన నెల టెక్కలిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడికంట్లో శుక్లం తీయించుకుని అప్పటికి ఆరు వారాలు. ఒకసారి చూపించుకొమ్మన్నారు కదా అని వెళ్తే, అక్కడున్న నర్సమ్మాయి నా చేతిలో ఒక అట్టముక్క పెట్టింది. దాని నిండా సన్నటి నల్లగీతల గళ్ళు, నడుమ ఒక చుక్క. ఒక కన్ను మూసుకుని చుక్కకేసే చూడమంది, గీతలు తిన్నగా ఉన్నాయో, ఎక్కడైనా వంకర తిరుగుతున్నాయో చెప్పమంది. గీతలు తిన్నగానే ఉన్నాయి. ఆ ముక్క చెప్పేసి ఇంటికి రావలసినదాన్ని, చెప్పలేక అలా పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ పిల్ల కంగారుపడి, "వంకరగా కనపడతన్నాయేటి మేడమ్?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ముప్ఫయ్యేళ్ళకి పైగా బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, సరళరేఖ అంటే ఏమిటో నాకు తెలుసు. కాని పలాసలో మా మావయ్య ఇంటి గోడమీద ఉండే గీతల్లో ఒక్కటీ ఎన్నడూ తిన్నగా నిలబడి ఎరగదు, అవన్నీ స్కేలు పెట్టి గీసినవే అయినా. ఆ సంగతి చెబితే రెండో కంటికి కూడా ఆపరేషను రాసేస్తారని ఊరుకున్నాను.

మా మావయ్యంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. ఉద్దానంలో కొబ్బరితోటా జీడితోటా ఉన్న ఇంట్లో పుట్టాడు. అన్నలు తోటలు పట్టుకుని ఉండిపోతే ఈయన పలాస వచ్చి జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. జీడిపిక్కలు ఉడికించే బాయిలరు ఒకటి, వాటిని కొట్టే షెడ్డు ఒకటి, పొట్టు తీసే గది ఒకటి, ఆ చివర గ్రేడింగు గది. ఆ చివరి గదే మావయ్య లోకం. బల్లమీద పప్పు పరిస్తే దగ్గరికి వెళ్ళకుండా గుమ్మంలోంచే నంబరు చెప్పేవాడు. పౌనుకి నూటఎనభై తూగే గింజలు పెద్దవి, మూడువందల ఇరవై తూగేవి చిన్నవి. అంటే మా వైపు నంబరు ఎంత చిన్నదైతే సరుకు అంత గొప్పది. విరగని పప్పు గుండు, రెండుగా విడిపోయినది బద్ద, ఇంకా చిన్నది ముక్క. "నా జన్మలో బద్దని గుండన్నేదు, గుండుని బద్దన్నేదు" అనేది ఆయన తన గురించి తాను చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప. ఆ మాట వినపడినప్పుడల్లా మా అత్తయ్య వంటింట్లోంచి, అందుకే మనకి మేడలు లేవలేదు అని ఒక పోపు వేసేది. వాళ్ళకి పిల్లలు లేరు. సెలవులొస్తే నేనే వాళ్ళ పిల్లని.

అటువంటి మనిషికి బొమ్మల పిచ్చి పట్టడానికి కారణం వాన. విశాఖపట్నంలో ఎగుమతి వ్యాపారం చేసే ఒకాయనకి పప్పు చూపించడానికి వెళ్ళి, పని చూసుకుని వస్తూంటే వాన పట్టుకుంది. ఎదురుగా ఏదో హాలు తలుపులు తీసి ఉంటే అందులోకి దూరాడు. లోపల బొమ్మల ప్రదర్శన. దేవుళ్ళు లేరు, మనుషులు లేరు, చెట్టూ చేమా లేవు. తెల్లకాగితం నిండా నల్లగీతలు, అంతే. ఇదేమి బొమ్మరా అనుకుంటూ చూస్తూండగా ఆ గీతలు కదిలాయి. కాగితం నడుమ ఉబ్బి, అల లేచినట్టు లేచి, మళ్ళీ లోపలికి పోయింది. మావయ్యకి గుండె జారిపోయింది. భయం బొమ్మ గురించి కాదు, కళ్ళ గురించి. కన్ను చెడితే గ్రేడింగు మనిషికి ఇంకేం మిగులుతుంది? గుమ్మంలోకి వచ్చి, వీధికి ఆ పక్క కొట్ల మీది బోర్డులన్నీ చదువుకుని, చూపు బాగానే ఉందని రూఢి చేసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడట. మళ్ళీ కదిలింది. ఇలా మూడుసార్లు తిరిగేసరికి మూల కుర్చీలో కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, మీ కళ్ళకేమీ కాలేదండీ, ఆ బొమ్మే అలాంటిది అన్నాడు. ఆయనే దాన్ని వేసినవాడు. కళ్ళు పోలేదన్న సంతోషంలో మావయ్య అక్కడికక్కడే ఆ బొమ్మ కొనేశాడు. పప్పు డబ్బుతో గీతలు కొనుక్కొచ్చాడని అత్తయ్య వారం రోజులు మాట్లాడలేదు.

వాన వెలిసేలోపల మావయ్య ఆ ముసలాయన దగ్గర చాలా నేర్చుకున్నాడు. చట్రానికి బిగించిన పల్చటి బట్టలోంచి సిరా దిగలాగి ఒక్కొక్క కాగితం చేత్తో అచ్చు వేస్తారు. నలభై అని ముందే అనుకుంటే నలభై వేసి, చట్రం మీది బొమ్మ కడిగేస్తారు. నలభై ఒకటోది ఎవరడిగినా, ఎంతిచ్చినా రాదు. కాగితం కింద ఎడమ పక్క అది ఎన్నోదో, మొత్తం ఎన్నో పెన్సిలుతో రాస్తారు, కుడి పక్క సంతకం చేస్తారు. ఇది వినగానే మావయ్య, అయితే నాకు ఒకటో నంబరే ఇవ్వండి అన్నాడు. మన నూటఎనభై లెక్కన అదే పెద్ద సరుకని ఆయన ఉద్దేశం. ముసలాయన నవ్వి, నలభైకీ ఒకటే గౌరవం అన్నాడట. ఆరింటికి అప్పటికే మనుషులున్నారు కనక మావయ్యకి ఏడు దక్కింది. తర్వాత ఆయన ఏటా ఒక బొమ్మ వేసేవాడు, మావయ్య ఏటా వెళ్ళి ఏడో నంబరే తెచ్చుకునేవాడు. అన్నిట్లోనూ ఒకే నంబరు ఉంటే ఆ వరసకి విలువ పెరుగుతుందని కూడా ఆయనే చెప్పాడు. మొత్తం పన్నెండు వేస్తానని, పన్నెండూ ఒక గోడమీద వరసగా పెట్టి చూస్తే మొదటి బొమ్మలో లేచిన అల పన్నెండోదాంట్లో ఒడ్డుకి చేరుతుందని చెప్పాడు. మావయ్య ఇంటికి రాగానే ముందుగది ఉత్తరపు గోడ ఖాళీ చేయించి పన్నెండు మేకులు కొట్టించాడు.

వెల కట్టడంలో ఆయన పద్ధతి ఆయనదే. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, కాగితాన్ని రెండు అంచులా పట్టుకుని కిటికీ వెలుతురికి ఏటవాలుగా వంచేవాడు. మడతపడితే ఒక తరగతి కిందికి. చెమ్మమచ్చ ఉంటే రెండు. బొమ్మ చుట్టూ తెల్లంచు పూర్తిగా ఉంటే గుండు. పటం కట్టడానికని ఎవరైనా అంచు కత్తిరించారా, ఎంత పేరున్న బొమ్మైనా అది బద్దే. ఆయన సంగతి తెలిసి ఒక బేరగాడు కలకత్తా నుంచి ఏదో పెద్ద పేరున్న బొమ్మ తెస్తే, అంచు పావు అంగుళం తక్కువైందని కాఫీ ఇచ్చి పంపించేశాడు. కాశీబుగ్గలో పటాలు కట్టే ఆయనకి ఈ బొమ్మలతో తలప్రాణం తోకకొచ్చేది. జిగురు పెట్టకూడదు, మేకు తగలకూడదు, కొయ్యకూడదు. పైగా పై వైపు ఏదో కింద వైపు ఏదో తెలియదు. వానాకాలం వస్తే మావయ్య వాటిని గోడమీంచి దించి, పప్పు ఆరబెట్టే గదిలో అరల మీద పెట్టించేవాడు. చెమ్మ పప్పుకి శత్రువైతే కాగితానికి నేస్తమవుతుందా అనేవాడు. అన్నం తినేటప్పుడు ఆ గోడ కనబడితే తల తిరుగుతుందని అత్తయ్య ముందుగది తలుపు వేసేసేది. నాకు మాత్రం ఆ గోడ ఎదురుగా కూర్చోవడం ఇష్టం. గీతలు కదలవని తెలిసీ కదలడం చూడడంలో ఏదో సుఖం ఉంది, అది నాకు లెక్కల్లో దొరకలేదు.

పదకొండు మేకులూ నిండాక, పన్నెండో ఏడు, ఒక గొట్టంలో చుట్టిన కాగితం పోస్టులో వచ్చింది. అందులో పన్నెండో బొమ్మ ఉంది. సంతకం ఉంది, నంబరు లేదు. తెల్లంచు మీద పెన్సిలుతో ముసలాయన రాతలు: ఇక్కడ నలుపు ఇంకా చిక్కబడాలి, ఈ గీత వెంట్రుకవాసి జరగాలి, ఇలాగ. అచ్చు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ముందుగా వేసిన ప్రతి ఇది, చూసి ఎలా ఉందో రాయండి, నంబరు ప్రతులు చలికాలంలో వేస్తాను అని ఉత్తరం. మావయ్య చూశాడు, బాగుందని రాశాడు. ఆ తర్వాత మా ఊళ్ళో ఏ పప్పు వ్యాపారి అయినా చేసే పనే చేశాడు. పలాసలో సరుకు పంపేముందు దోసెడు పప్పు మచ్చు పంపుతారు. మచ్చు చూడడానికే కాని అమ్మడానికి కాదు. దాన్ని మళ్ళీ బస్తాలో కలపరు. చూడడం అయిపోయాక మచ్చు గ్రేడింగు గదిలో ఆడవాళ్ళది, కొంగున కట్టుకుని ఇంటికి పట్టుకుపోతారు. నంబరు లేదు, అమ్మకానికి కాదు, చూసుకోవడానికి పంపారు. కాబట్టి అది మచ్చు. మర్నాడు ఆ కాగితం తీసుకెళ్ళి గ్రేడింగు గదిలో ఆడవాళ్ళకి పెద్దగా ఉన్నావిడకి ఇచ్చేశాడు. ఆవిడని ఫ్యాక్టరీలో చిన్నాపెద్దా అందరూ పెద్దప్ప అనేవారు. మా ఊరి ధర్మం ప్రకారం ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని.

ఆ చలికాలం ముసలాయన పోయాడు. నంబరు ప్రతులు వెయ్యనేలేదు. పన్నెండో మేకు ఖాళీగా ఉండిపోయింది. మావయ్యకి బాధ కలిగింది కాని, చేసేదేముంది, సరుకు రాలేదు అనుకున్నాడు. కొన్నాళ్ళకి అత్తయ్య ఆ మేకుకి క్యాలెండరు తగిలించింది. ఆయన తియ్యమనలేదు. అలా ఇరవయ్యేళ్ళు గడిచిపోయాయి.

ఉద్దానంలో పుట్టినవాళ్ళకి కిడ్నీ జబ్బు కబురు కొత్త కాదు. ఆ ఊళ్ళ నీళ్ళో, గాలో, మరింకేదో, కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. మావయ్య చిన్నప్పుడే తోట వదిలి వచ్చేసినా అది ఆయన్ని వదల్లేదు. ఫ్యాక్టరీ వేరేవాళ్ళకి ఇచ్చేసి, వారానికి మూడు పూటలు పలాసలోనే డయాలసిస్‌కి వెళ్ళేవాడు. రోజుకి ఇన్ని నీళ్ళని అత్తయ్య చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేది. ఆ రోజుల్లోనే తన తర్వాత ఈ బొమ్మలేమవుతాయన్న ఆలోచన వచ్చి, విశాఖపట్నంలో ఒక చిత్రశాలకి ఉత్తరం రాయించాడు. వాళ్ళు వెల కట్టడానికి ఒక అమ్మాయిని పంపించారు. ఆ అమ్మాయి తెల్ల తొడుగులు వేసుకుని, భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్క కాగితం రెండు అంచులా పట్టుకుని వెలుతురికి ఏటవాలుగా వంచి చూసింది. మావయ్య మొహం వెలిగిపోయింది. తనలాగే చూసే మనిషిని ఆయన ముసలాయన తర్వాత ఆ రోజే చూశాడు. కాగితాలన్నీ జీడిపప్పు వాసన వస్తున్నాయండీ అని ఆ అమ్మాయి నవ్వింది. పదకొండూ అయ్యాక, పన్నెండోది ఏదీ అని అడిగింది. చిత్రకారుడి నోటుపుస్తకం వాళ్ళ దగ్గర ఉందట. అందులో పన్నెండో బొమ్మకి రెండే రెండు ముందు ప్రతులు వేశాననీ, ఒకటి నచ్చక చింపేశాననీ, రెండోది పలాస పంపాననీ రాసి ఉందట.

మచ్చని ఇచ్చేసిన సంగతి మావయ్య చెప్పాడు. ఆ అమ్మాయి చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా, ఇలాంటి బొమ్మల్లో ముందు ప్రతిని నంబరు ప్రతికన్నా ఎక్కువగా చూస్తారని, అందులోనూ చిత్రకారుడి చేతిరాత ఉంటే ఇంకా ఎక్కువని, ఇక్కడైతే నంబరు ప్రతులే లేవు కనక ఆ కాగితం తప్ప పన్నెండో బొమ్మ లోకంలో ఎక్కడా లేదని చెప్పింది. పన్నెండూ ఉంటే చిత్రశాలలో ఒక గది వాటికే ఇస్తారని, లేకపోతే ఏం చేస్తారో తను చెప్పలేనని కూడా అంది. ఆ పిల్ల వెళ్ళాక మావయ్య గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి గది సంగతి పట్టలేదు. "ఒడ్డుకి సేరీదాన్ని నాను సేతులార ఇచ్చీసినానే కోడలా" అన్నాడు. "పన్నెండూ ఈ గోడమీద ఒక్కపాలి సూసీసి పోతే సాలు." నేను, అదెంత భాగ్యం, పెద్దప్పని అడిగితే ఇవ్వదా, కావలసింది ఇచ్చి తెచ్చుకుందాం అన్నాను. ఆయన కోపంగా తల తిప్పుకున్నాడు. మచ్చిచ్చి వెనక్కి అడిగినవాడు మా పలాసలో లేడని, తను మొదటివాడు కాలేనని అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తనివ్వలేదు. కాని క్యాలెండరు తీసేయించాడు. డయాలసిస్ నుంచి వచ్చి పడుకుని ఆ ఖాళీ మేకునే చూస్తూండేవాడు.

శ్రావణమాసంలో, ఆయనకి చెప్పకుండా నేనే బయల్దేరాను. పెద్దప్ప భర్తకి కూడా ఇదే జబ్బు వచ్చి, ఆయనకోసం ఆవిడ పని మానేసి ఎప్పుడో సముద్రం పక్కనున్న తన ఊరు వెళ్ళిపోయింది. సోంపేటలో బస్సు దిగి ఆటో ఎక్కాను. పెద్ద తుఫాను కూల్చేసిన తోటల్లో మళ్ళీ నాటిన కొబ్బరి అప్పుడప్పుడే మనిషెత్తు దాటుతోంది. పెద్దప్ప ఇంటి అరుగుమీద కూర్చుని మినుములు చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టి, బావు ఎలాగున్నారని ముందు మావయ్య సంగతే అడిగింది. చెప్పాను. చేట పక్కన పెట్టేసింది. ఆ జబ్బు ఎలా నడుస్తుందో ఆవిడకి నేను చెప్పనక్కర్లేదు. ఆవిడ భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు.

గీతల బొమ్మ ఉందా అని అడగ్గానే ఆవిడ మొహం విచ్చుకుంది. అది ఆవిడకి ఎంత పనికొచ్చిందో చెప్పుకొచ్చింది. "పొద్దున్న పనికెల్లీముందు దాన్నొకపాలి సూసుకునీదాన్ని తల్లీ. గీతలు జరజరా పాకినాయంటే కన్ను సురుగ్గున్నట్టు. మందంగా ఉన్నాయంటే ఆ రోజు గుండ్ల జోలికెల్లీదాన్ని కాను, ముక్కలేరుకునీదాన్ని." ఆ చిత్రకారుడు బతికుంటే తన బొమ్మకి అంతకంటే మంచి వెల ఎవరూ కట్టలేదని అనుకుని ఉండేవాడు. ఆవిడ నన్ను రెండిళ్ళ అవతలున్న పెద్దకూతురి ఇంటికి తీసుకెళ్ళింది. గోడమీద అద్దం వేసి, పటం కట్టి ఉంది. శుభ్రంగా ఉంది, చెమ్మ లేదు, ముసలాయన పెన్సిలు రాతలు ఎడమంచున చెక్కుచెదరకుండా ఉన్నాయి. కాని అది సగమే. నిలువునా, సరిగ్గా నడిమికి కోసి ఉంది.

"ఇద్దరు ఆడపిల్లలూ నాకంటే నాకన్నారమ్మా" అంది పెద్దప్ప. "దేవుడి పటవైతే కొయ్యకూడదు. ఇది గీతలే గదా. ఈ సగంలో ఏటుందో ఆ సగంలోనూ అదే ఉంది. ఒకలికెక్కువా ఒకలికి తక్కువా ఎందుకని, స్కేలెట్టి బ్లేడుతో కోసినాను." ఆవిడ గొంతులో తప్పు చేసినట్టు ఏమీ లేదు. ఉండవలసిన పనీ లేదు. అంచు పావు అంగుళం తక్కువైతే బద్ద అనే మనిషి ఇంట్లోంచి వచ్చిన నేను మాత్రం ఆ కోసిన అంచునే చూస్తూండిపోయాను. అయినా ఆవిడ అన్నది నిజమే. ఆ సగం కూడా కదులుతూనే ఉంది.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. నేనేమీ అడక్కుండానే పెద్దకూతురు పటం గోడమీంచి దించి, తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. "తీసుకెల్లండమ్మా, బావు సూసినాక పంపించీవచ్చు" అంది. నేను వద్దన్నాను. గుండు తప్ప ఒప్పుకోని మనిషికి బద్ద తీసుకెళ్ళి ఎలా చూపించడం? రెండో సగం చిన్నకూతురితో ఇచ్చాపురం దగ్గర అత్తవారింటికి వెళ్ళిందట. అదీ తెప్పిస్తాను, రెండూ అతికించినట్టు పక్కపక్కన ఒకే పటంలో కట్టిస్తాను, అప్పుడు ఒక్కసారే మేకుకి తగిలిస్తాను, ఆయన లేచి కూర్చుంటాడు అనుకున్నాను. ఆయన ఆనందపడడం నేను చూడాలన్న కోరిక కూడా అందులో ఉంది, దాచడం దేనికి. మావయ్యకి ఒక్కమాట చెప్పలేదు. పెద్దప్పకి కూడా ఎవరికీ చెప్పొద్దన్నాను.

చిన్నకూతురికి ఫోను చేస్తే, వెతికి చెబుతానంది. వారం పోయాక అటకమీద ఉందేమో అంది. దసరా అయ్యాక చూస్తానంది. ఒకసారి నేనే ఇచ్చాపురం వెళ్ళాను. ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటావిడ సగం ఒడియాలో సగం తెలుగులో, బరంపురం పెళ్ళికి వెళ్ళారని చెప్పింది. మళ్ళీ ఫోన్లు. ఆ పిల్ల ఎప్పుడూ లేదని అనలేదు, అదే నన్ను తిప్పింది. ఈలోగా కాశీబుగ్గలో పటాలు కట్టే ఆయన కొడుకుతో మాట్లాడి కొలతలు కూడా ఇచ్చేశాను.

కార్తీకంలో ఒక పొద్దున్న అత్తయ్య కాఫీ గ్లాసు పక్కన పెడితే మావయ్య తడుముకున్నాడు. నిద్రమత్తనుకుంది. మర్నాడూ అంతే. రక్తపోటు ఎక్కువై కంటి వెనక పొర దెబ్బతిందని డాక్టర్లు చెప్పారు. శ్రీకాకుళం తీసుకెళ్ళాం, విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఈ ఒంటికి ఇంకేమీ చెయ్యలేమన్నారు. మూడు వారాల్లో రెండు కళ్ళూ పోయాయి. గుమ్మంలోంచి నంబరు చెప్పిన కళ్ళు, వాన రోజున పోయాయని భయపడి పోలేదని బొమ్మ కొనిపించిన కళ్ళు. అయినా డయాలసిస్ నుంచి రాగానే అలవాటుగా ఉత్తరపు గోడకి ఎదురుగానే కూర్చునేవాడు. నేను అక్కడ ఉండలేక వంటింట్లోకి పోయేదాన్ని.

పుష్యంలో చిన్నకూతురు తనే ఫోను చేసి ఏడ్చింది. ఆ పెద్ద తుఫాను రోజున రేకులు లేచిపోయి ఇల్లంతా తడిసినప్పుడే ఆ కాగితం ముద్దైపోయిందట. అమ్మ ప్రాణంగా చూసుకున్న బొమ్మ, పోయిందని చెప్పడానికి నోరు రాలేదంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. నేను కూడా చెప్పవలసిన మాట చెప్పకుండానే కదా ఆర్నెల్లు తిరిగాను.

మాఘమాసంలో పెద్దప్పని తీసుకుని మావయ్య దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడైంది. ఎవరదీ అన్నాడు. "నానే బావూ, గ్రేడింగు పెద్దప్పని" అంది ఆవిడ. కుర్చీ వేసినా కింద చాపమీదే కూర్చుంది. నేను నోరు విప్పేలోపలే ఆవిడ అంతా చెప్పేసింది, మచ్చు తెచ్చానని, కోసేశానని, సగమే ఉందని, దాని విలువ తనకి తెలియదని. మావయ్య చేతులు తువ్వాలుకి తుడుచుకుని ముందుకి చాచాడు. పటంలోంచి తీసిన ఆ సగం కాగితం ఆవిడ ఆయన ఒళ్ళో పరిచింది. బొమ్మ మీద వేలు పెడితే ఇన్నేళ్ళూ ఎవరినైనా కసిరిన మనిషి, చూపుడువేలు ఆ గీతల మీద ఆనించాడు. ఆ అచ్చులో సిరా కాగితంలోకి ఇంకిపోదు, పైన సన్నటి గట్టులా నిలుస్తుంది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఒక్కొక్క గట్టూ దాటుకుంటూ ఆయన వేలు మెల్లిగా కుడికి నడిచింది. ఎడమ పక్క దగ్గర దగ్గరగా ఉన్న గీతలు పోనుపోను దూరమయ్యాయి. కోసిన చోటికి వచ్చి ఆగింది. బొటనవేలితో ఆ అంచు పైనుంచి కిందికి తడిమాడు. "తిన్నగా కోసినావే" అన్నాడు పెద్దప్పతో. "ఎక్కడా సిట్లనేదు." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వేలు మళ్ళీ మొదటికి తీసుకెళ్ళి ఇంకోసారి నడిపించాడు. "కంటికెప్పుడూ కదిలీది. ఏలు కింద నిలబడ్డాది" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వాడనే అనుకుంటాను.

తర్వాత నాకేసి మొహం తిప్పి, ఇదెప్పుడు దొరికిందని అడిగాడు. అబద్ధం చెప్పవచ్చు, పెద్దప్ప కూడా కాదనదు. కాని ఆయన దగ్గర తరగతి మార్చి చెప్పడం నాకు చేతకాలేదు. శ్రావణంలో మావయ్యా అన్నాను. రెండో సగం కోసం ఆగాను అన్నాను. ఆయన చేతివేళ్ళు మడుస్తూ నెలలు లెక్కపెట్టాడు. నాలుగో వేలి దగ్గర, కార్తీకం రాగానే ఆగాడు.

"సగవే తెచ్చీవలసింది కోడలా. బద్దయినా పప్పే కదా" అన్నాడు. కోపం లేదు, బల్లమీది పప్పుకి నంబరు చెప్పే గొంతే అది. "అప్పుటికి నాకు కళ్ళున్నాయి కదే."

నేను అత్తయ్య భుజం పట్టుకుని ఏడ్చాను. ఆయన కాగితం జాగ్రత్తగా రెండు అంచులా పట్టుకుని ఎత్తి, పెద్దప్ప ఉన్న వైపు చాచాడు. ఆవిడ ఉంచేసుకోమని బతిమాలింది. మచ్చు నీదే, పట్టుకెళ్ళు అన్నాడు. అది ఇప్పుడు కూడా సముద్రం పక్క ఆ ఊళ్ళో, పెద్దకూతురి ఇంటి గోడమీదే ఉంది.

మావయ్య ఆ వైశాఖంలో పోయాడు. ఇప్పటికి మూడేళ్ళవుతోంది. పదకొండు బొమ్మలూ అత్తయ్య చిత్రశాలకి ఇచ్చేసింది. గది ఇవ్వలేదు కాని నడవలో ఒక గోడ ఇచ్చారు, మంచి వెలుతురున్న చోటే. వెల కట్టడానికి వచ్చిన అమ్మాయి అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఆ సగానికి విలువ ఎంత ఉంటుందంటావమ్మా అని ఒకసారి అడిగితే, అంచు పోయింది కనక పెద్దగా ఉండదండీ అంది, ఆ పిల్ల చదువుకున్న లెక్క ప్రకారం. నేను బళ్ళో చెప్పిన లెక్కల్లో కాలమూ పనీ అని ఒక పాఠం ఉండేది. ఇంతమంది ఇన్ని రోజుల్లో గోడ కడితే అంతమంది ఎన్ని రోజుల్లో కడతారు, అలాంటివి. ఆ లెక్కలన్నిట్లోనూ పని పూర్తయ్యేదాకా కాలం ఆగుతుంది. బయట ఆగదన్న ముక్క తెలుసుకోవడానికి నాకు శ్రావణం నుంచి మాఘం దాకా పట్టింది.